బండికి ఏ గాలి మంచిది

12 సెప్టెంబర్ 2011, సోమవారం. కోరుట్ల.

పొద్దున మామ కనకయ్య సిరిసిల్ల నుంచి వచ్చి రాధికను తీసుకుపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. చాయ తాగాడు, బ్యాగు అందుకున్నాడు, "పోయొస్తం అల్లుడా" అన్నాడు. పోయొస్తం అన్నాడంటే మళ్ళీ వస్తారనే కదా. రాధిక ఆ మాట కూడా అనలేదు. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ బండి వైపు చూసింది, నా వైపు చూడలేదు.

గొడవకు కారణం ఆమె దమ్ము, అదే ఉబ్బసం. చిన్నప్పటి నుంచి ఉందట. పెళ్ళికి ముందే చెప్పారు, నేను కాదనలేదు. నిన్న నిమజ్జనం, కిరాయిలు లేవు. షెడ్డులో నా కిరాయి కారు ముందు మూత ఎత్తి కూర్చున్నాను. మా పడకగది కిటికీ షెడ్డులోకే తెరుచుకుంటుంది. ఇంజిన్ రేసు చేసి చూస్తుంటే లోపల దగ్గు మొదలైంది. బండిని రోడ్డు మీదికి తొయ్యమంది. ఇంజిన్‌కు గాలి వడగట్టే డబ్బా విప్పి ఉన్నప్పుడు రోడ్డు మీద పెడితే దుమ్మంతా ఇంజిన్ మింగుతుంది. ఆ సంగతి నెమ్మదిగానే చెప్పాను. "అవ్, ఇంజన్ల దుమ్ము పడొద్దు" అని లోపలికి పోయి తండ్రికి ఫోన్ చేసింది.

నాకేం భయం లేదు. సిరిసిల్లలో వాళ్ళ ముందు గదిలోనే బట్ట నేసే కరెంటు సాంచలు ఉన్నాయి. అవి నడిచినంతసేపూ దూది ఎగురుతూనే ఉంటుంది. పిల్లను చూడటానికి పోయినప్పుడు నా చాయలో పడితే వేలితో తీసి పారేసి తాగాను. దమ్మున్న మనిషి ఆ ఇంట్లో వారం ఉండలేదు. దానంతటదే వస్తుంది.

రేపటి నుంచి సకల జనుల సమ్మె.

14 సెప్టెంబర్

ఆఫీసులకు తాళాలు పడ్డాయి. జగిత్యాల పోయాను. శ్రవణ్ దుకాణం షట్టరు సగం దింపి ఉంది. వాడూ నేనూ ఐటీఐలో ఒకే బెంచీ. నేను బండి కొనుక్కుని కిరాయికి తిప్పుతున్నాను, వాడు కార్ల సామాను అమ్ముతున్నాడు. బండి పికప్పు పెరగాలంటే ఏం పెట్టాలని అడిగాను.

"గాలి మంచిగ అందాలెరా. ఎంత గాలి గుంజితె గంత దమ్ము" అన్నాడు. "మూడు తీర్లున్నయి. నీ కంపెనీ డబ్బా ఒకటి. అది తీసేసి పొట్టి పైపుకు కోను ఫిల్టర్ బిగిచ్చి ఇంజన్ పక్కపొంటె ఇడిసిపెట్టుడు ఒకటి. పొడుగు పైపు ఏసి, కింద బంపర్ ఎనకకు దించి బయటి సల్లగాలి గుంజిచ్చుడు ఇంకోటి."

"ఏది మంచిది?"

"నువ్వు ఎటు తిరుగుతవో దాన్ని బట్టి."

"సిరిసిల్ల దిక్కు."

"సిరిసిల్లల ఏమున్నది?"

"టెస్టింగ్‌కు. రోడ్డు మంచిగుంటది" అన్నాను.

శ్రవణ్ నా మొహం చూసి కోను కోసం అరలు వెతకసాగాడు. రుద్రంగి మీదుగా ఆ రోడ్డు ఎంత బాగుంటుందో వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

16 సెప్టెంబర్

కోను బిగించాను. ఎర్రగా, చూడటానికి బాగుంది. ఆక్సిలరేటర్ తొక్కితే ఇదివరకు సన్నగా వినిపించే చప్పుడు ఇప్పుడు గొంతు సవరించుకుని మాట్లాడుతోంది. మెట్‌పల్లి దాకా పోయి వచ్చాను. రెండో గేరులో లాగుడు పెరిగింది. పెరిగినట్టుంది. చప్పుడు పెరిగితే లాగుడు పెరిగినట్టే అనిపిస్తుంది, అది వేరే సంగతి.

విప్పేసిన కంపెనీ డబ్బాలో అమ్మ తన బీడీల దారం, కత్తెర పెట్టుకుంది. "మంచిగున్నదిరా, మూత గూడ ఉన్నది" అంది. ఉండనీ. ఇక దానితో నాకేం పని.

రాధిక ఫోన్ చేయలేదు. నాలుగు రోజులైంది కాబట్టి ఈపాటికి దగ్గు పట్టే ఉంటుంది. పంతం కొద్దీ చెప్పడం లేదు.

20 సెప్టెంబర్

బస్సులు బంద్. ఇవాళ మనుషుల్ని కుక్కికుక్కి తిప్పాను. రాయికల్ నుంచి వచ్చిన ఒక ముసలాయన ముందు సీట్లో కూర్చుని, "బండి ఏందిర గిట్ల ఒర్రుతున్నది" అన్నాడు. కోను అని చెప్పాను. "ఊకుండుమను" అన్నాడు.

సాయంత్రం సిరిసిల్లకు ఫోన్ చేశాను. అత్త ఎత్తింది. ఎట్లా ఉందని అడగలేదు, సాంచలు నడుస్తున్నాయా అని అడిగాను.

"యాడియి అల్లుడా. బొగ్గు బాయిలు బంద్ పెట్టిరి, కరెంట్ లేదు. అద్దగంట ఉంటె ఆరుగంటలు పోతది. గంత దానికి మీ మామ సాంచలకు పట్టా ఎక్కిస్తలేడు."

"రాధిక?"

"మంచిగున్నది. రాత్రి మంచిగ నిద్ర వోతున్నది. గా దమ్ము పంపు గూడ పీలుస్తలేదు."

ఫోన్ పెట్టేశాను. నాకు ఒళ్ళు మండింది. సింగరేణిలో బొగ్గు తవ్వడం ఆపితే సిరిసిల్లలో దూది ఎగరడం ఆగింది. దూది ఆగితే నా పెళ్ళాం సుఖంగా ఊపిరి పీలుస్తోంది. రాష్ట్రం కోసం సమ్మె అంటున్నారు గానీ, జిల్లా జిల్లా అంతా కలిసి రాధిక పుట్టింట్లో ఉండటానికే పనులు మానేసినట్టుంది.

21 సెప్టెంబర్

చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే విస్తళ్ళు. నా చేతికి మైకు ఇచ్చారు. సమ్మె తెలంగాణ వచ్చేదాకా ఆగొద్దని అన్నాను. చప్పట్లు కొట్టారు. అన్నం తినకుండానే వచ్చేశాను.

24 సెప్టెంబర్

సిరిసిల్ల పోయాను. బండిని చూడటానికి. కోను దూరపు రోడ్డు మీద ఎట్లా ఉంటుందో చూడకుండా మాట్లాడటం తప్పు.

రుద్రంగి ఎత్తు మూడో గేరులోనే ఎక్కింది. వేములవాడ దాటాక ఖాళీ రోడ్డు, అక్కడ బాగా తీసింది. సిరిసిల్లలో అడుగుపెడితే ఏదో తేడాగా ఉంది. కాసేపటికి గానీ తెలియలేదు. ఊళ్ళో చప్పుడు లేదు. ఎప్పుడు పోయినా ప్రతి ఇంట్లోంచి సాంచల మోత వినిపించే ఊరు, పిట్టల అరుపు వినిపించేంత మౌనంగా ఉంది. మగవాళ్ళు అరుగుల మీద ఊరికే కూర్చుని ఉన్నారు.

వాళ్ళ గల్లీ మూల మీదే రాధిక నవ్వు వినిపించింది. పక్కింటామెతో కలిసి గడపలో కూర్చుని దేనికో నవ్వుతోంది. మా ఇంట్లో ఆమె అంత పొడుగు నవ్వు నవ్వలేదు, నవ్వితే మధ్యలో దగ్గు వచ్చేది. నేను వాకిలి ముందు ఆపి, ఇంజిన్ ఆపకుండా రెండుసార్లు రేసు చేశాను. వచ్చానని తెలియాలి కదా.

లేచి వచ్చింది. "సప్పుడు మారింది" అంది.

నాకు సంతోషమైంది. ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. "కోను పెట్టిన. గాలి ఎక్కువ గుంజుతది" అన్నాను.

"జరంత అవుతలికి వెట్టు. పొగ లోపలికస్తున్నది."

"ఒచ్చినోన్ని రమ్మనవా ముందుగాల?"

"రా. బండి అవుతలికి వెట్టి రా" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి నడిచింది.

బండిని మూలకు పెట్టి వచ్చేసరికి మామ చాప వేశాడు. ఆయన ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. చెట్టు మీది నుంచి పడ్డాక మోకు గోడకు తగిలించి, సేటు దగ్గర నూలు తెచ్చుకుని సాంచలు నడుపుతున్నాడు. నాలుగు సాంచల మీదా బట్ట సగంలో ఆగి ఉంది.

"తిండికి గోసగనే ఉన్నదల్లుడా" అన్నాడు. "గని పిల్ల నిద్ర వోతున్నది. పగటీలి గూడ పంటది. ఎన్నడు సూడలే."

రాధికను నేను రమ్మని అడగలేదు. ఎప్పుడు వస్తావని మాత్రం అడిగాను.

"బండి షెడ్డులకెల్లి ఎప్పుడు తీస్తవు?" అంది.

"అది బండి. రోడ్డు మీద పెట్టనీకి వస్తదా? ఎండకు వానకు ఏం గావాలె?"

ఆమె చాయ పెట్టడానికి లేచింది. మామ ఊరికే చాపను తడుముతూ కూర్చున్నాడు. చాయ తాగి లేచాను. అందులో దూది లేదు.

25 సెప్టెంబర్

కోను విప్పి చూశాను. ఇంకా ఎర్రగానే ఉంది. ఒక్క పోగు అంటలేదు. సిరిసిల్ల గాలి అంత శుభ్రంగా ఉందని నాకు తెలియదు.

28 సెప్టెంబర్

నిన్నటి నుంచి బతుకమ్మ. పొద్దున బోరింగు దగ్గర ఎదురింటి మల్లక్క, "రాధిక తల్లిగారింటికి వోయిందా, బతుకమ్మకు" అని అడిగింది. అవునన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆడపిల్లలు ఈ పండక్కి తల్లిగారింటికి పోవడం ఆనవాయితీ, ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. ఇవాళ చాలామందికి చెప్పాను. అడగనివాళ్ళకు కూడా చెప్పాను.

దసరా దాకా ఈ మాట నడుస్తుంది.

30 సెప్టెంబర్

కోరుట్ల నుంచి జగిత్యాల దాకా కార్ల ర్యాలీ. నా బండి చప్పుడు బాగుంటుందని అందరికంటే ముందు పెట్టారు. జెండాలు కట్టారు, పైన మైకు కట్టారు. అంతా బాగానే ఉంది గానీ ర్యాలీ అంటే నడక. ముందు డప్పులు, వాళ్ళ వెనక నేను, మొదటి గేరులో, ఎండలో.

ఖాళీ రోడ్డు మీద పులిలా ఉన్న కోను అక్కడ ఏమీ కాకుండా పోయింది. బండి కదిలితేనే కదా ముందు నుంచి కొత్త గాలి వచ్చేది. కదలకపోతే రేడియేటర్ వేడినీ, ఇంజిన్ వేడినీ అదే పీల్చుకుంటుంది. తాను వదిలిన సెగను తానే మింగుతుంది. పొట్టి పైపు మీద చెయ్యి పెడితే కాలింది. జగిత్యాల పొలిమేరలో వణికి, నీలిగి, డప్పుల వెనకే ఆగిపోయింది. వెనకున్న బండ్లన్నీ ఆగాయి.

"అన్నా, నీ బండికి దమ్మొచ్చినట్టున్నది" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేను తలుపు తీసుకుని దిగి వాడి కాలరు పట్టుకున్నాను. శ్రవణ్ వచ్చి విడిపించాడు. "ఏమన్నడురా ఆడు, ఉన్నమాట అనె" అన్నాడు.

2 అక్టోబర్

పొడుగు పైపు. శ్రవణే దగ్గరుండి బిగించాడు. బంపర్ వెనక కిందికి దించి, కోను నేలకు జానెడు ఎత్తున ఉంచాడు. "సల్లగాలి అంటె గిది. గని నీళ్ళళ్ళకు దింపకు. గాలికి బదులు నీళ్ళు గుంజిందనుకో, ఇంజన్ ఖతం" అన్నాడు.

చెప్పుకోవాల్సిందే. కోరుట్ల వచ్చేదాకా ఎక్కడా బరువనిపించలేదు. ట్రాఫిక్‌లో ఆగి మళ్ళీ కదిలినా మొదటి తొక్కుడుకే అందుకుంది. పైపు ముట్టుకుంటే చల్లగా ఉంది. మూడింటిలో ఇదే మేలు. ఆమె వింటే దీని చప్పుడు కోను కంటే తగ్గిందని తప్పకుండా అంటుంది.

షెడ్డులో పెట్టి చాలాసేపు రేసు చేసి చూసుకున్నాను. ఆ గదిలో ఇప్పుడు ఎవరూ లేరు కాబట్టి అడిగేవాళ్ళు లేరు. అమ్మ బీడీల చాట ఎత్తుకుని, ముక్కు మూసుకుని బయటికి వచ్చింది.

"యాడికే అవ్వా?"

"మల్లక్కోల్ల అరుగు మీదికి. గీ పొగకు నాకే దమ్మస్తున్నది. నేను దినాం తంబాకుల గూసునేదాన్ని. గా పిల్ల గీ అర్రల ఎట్ల పన్నదో ఏమో."

ఇన్నాళ్ళూ 'అది దమ్ము గాదు, నకరాలు' అన్నది ఈమే. ముసలితనం వస్తే మనిషి ఒక మాట మీద నిలబడదు.

4 అక్టోబర్

ఇవాళ సద్దుల బతుకమ్మ. చీర తీసుకుని బయలుదేరాను. పండగ పూట అందరి ముందూ రమ్మంటే కాదనలేదని నా లెక్క. ఎట్లాగూ పొడుగు పైపును సిరిసిల్ల రోడ్డు మీద చూడాల్సి ఉంది.

పొద్దున కురిసిన వానకు రుద్రంగి ఇవతల చెరువు మత్తడి దూకి, కల్వర్టు మీద నీళ్ళు పారుతున్నాయి. మోకాలి లోతు కూడా లేదు. ఒక ట్రాక్టరు దాటింది. ఒక స్కూటరు దాటింది. ఒడ్డున గొర్లకాపరి ఉన్నాడు, "పోతదా" అని అడిగితే "పోతున్నయిగా" అన్నాడు. దింపాను.

నీళ్ళ మధ్యలో ఒక్క దెబ్బ కొట్టినట్టు ఆగింది. మళ్ళీ తాళం తిప్పితే కదల్లేదు. శ్రవణ్ చెప్పిన మాట అప్పుడు గుర్తుకొచ్చింది. గుర్తుకు రాలేదని కాదు. దింపేటప్పుడు కూడా గుర్తుంది. కంపెనీ డబ్బా ఉన్న బండి ఆ నీళ్ళు సుఖంగా దాటేది, దాని మూతి పైన ఉంటుంది. మేలైన గాలి కోసం మూతిని నేల మీదికి దించుకున్నది నా బండి ఒక్కటే.

ఆ ట్రాక్టరే వెనక్కి వచ్చి గుంజింది. ప్లగ్గులు విప్పి తిప్పితే రంధ్రాల్లోంచి ఎర్రటి నీళ్ళు ఎగజిమ్మాయి. ఆయువు గట్టిది, లోపల ఏదీ వంగలేదు. ఆరబెట్టి స్టార్ట్ చేసేసరికి సాయంత్రమైంది. ఊళ్ళో ఆడవాళ్ళు బతుకమ్మలు ఎత్తుకుని చెరువుకు పోతున్నారు, నా బండిని చూస్తూ పక్కగా తొలిగి పోయారు. అటునుంచి అటే కోరుట్ల వచ్చేశాను.

చీర తడవలేదు. సీటు మీద ఉంది.

6 అక్టోబర్

దసరా. జమ్మి ఆకు పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్న ప్రతివాడూ, "చెల్లె ఇంక రాలేదా" అన్నాడు. బస్సులు లేవు కదా అన్నాను. కారు పెట్టుకుని బస్సు మాట చెప్పాను.

10 అక్టోబర్

పొడుగు పైపు తీసేశాను. అమ్మ దగ్గర కంపెనీ డబ్బా అడిగితే దారం, కత్తెర కింద పోసి, "మల్ల ఇదేనా" అంది. కడిగి బిగించాను.

బిగిస్తుంటే ఒకటి చూశాను. డబ్బాకు పక్కన ఏనుగు తొండంలా ఒక మూతి ఉంది. అది హెడ్‌లైటు వెనక సందులోంచి బయటి గాలినే తీసుకుంటుంది. ఇంజిన్ సెగ తగలదు, నేల మీది నీళ్ళు అందవు, దుమ్మును లోపలి కాగితం ఆపుతుంది. చల్లగాలి ఇన్నాళ్ళూ వస్తూనే ఉంది, చప్పుడు చేయకుండా. ఐటీఐలో దీని గురించి చెప్పే ఉంటారు. నేను ఆ రోజు బెంచీ మీద నిద్రపోయి ఉంటాను.

మూడూ వాడాను కాబట్టి రాసుకుంటున్నాను. కోను ఖాళీ రోడ్డుకు, చెవులకు. పొడుగు పైపు ఎండాకాలానికి, నల్లటి రోడ్డు ఉన్న ఊళ్ళకు. రోజూ ఇంటికి రావాల్సిన బండికి డబ్బానే. లాగుడులో తేడా ఎంతంటే, నేను ఉందనుకున్న రోజు ఉంది, లేదనుకున్న రోజు లేదు. శ్రవణ్‌కు చెబితే, "గది ముందే చెప్తె నా దుకాణం నడుస్తదా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బండి ఇప్పుడు ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో కూడా తెలియడం లేదు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

13 అక్టోబర్

ఫోన్ ఎత్తలేదు.

14 అక్టోబర్

ఎత్తింది. డబ్బా మళ్ళీ పెట్టానని చెప్పాను. "మంచిగైంది" అంది. ఇంకా ఏమైనా అంటుందేమోనని ఆగాను. "షెడ్డులనే ఉన్నదా" అంది. ఉందన్నాను. "సరే మరి" అని పెట్టేసింది.

ఏం చేయాలి నేను? డబ్బా మార్చాను కదా.

18 అక్టోబర్

సింగరేణి వాళ్ళు సమ్మె విరమించారు. చౌరస్తాలో టెంటు కింద దీక్షలో కూర్చున్న ఒక సారు కళ్ళు తుడుచుకున్నాడు. అందరితోపాటు నేనూ తల దించుకున్నాను.

తల దించుకుని నేను అనుకున్నది ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను. బొగ్గు వస్తే కరెంటు వస్తుంది. కరెంటు వస్తే సాంచలు నడుస్తాయి. సాంచలు నడిస్తే దూది లేస్తుంది. మూడు రోజులు చాలు. ఆమె అక్కడ ఉండలేదు. పొమ్మనడానికి మామకు నోరు రాకపోయినా ఆయన సాంచలే చెబుతాయి.

ఇంటికి వస్తూ జిలేబీ కొన్నాను. "ఏం సంబురంరా" అంది అమ్మ. ఏమీ లేదన్నాను. ఇవాళ టెంటు కింద నన్ను చూసి, పాపం జలపతి ఎంత బాధపడుతున్నాడో అనుకుని ఉంటారు.

20 అక్టోబర్

సిరిసిల్లలో కరెంటు బాగానే ఉంటోందట. అక్కడి నుంచి వచ్చిన కిరాయి మనిషి చెప్పాడు. సాంచలు మోత మోగుతున్నాయట.

రేపు పోతాను. బండి కడిగాను. పడకగది కూడా ఊడ్చాను, కిటికీ రెక్కలు మూసి మేకు కొట్టాను. ఇక పొగ లోపలికి రాదు. ఇంతకంటే ఎవడు చేస్తాడు?

21 అక్టోబర్

పోయాను. వాకిట్లో నిలబడేసరికి కరెంటు పోయి సాంచలు ఆగిపోయాయి. అట్లాంటప్పుడు మాట్లాడేది ఏముంటుంది. వచ్చేశాను. చీర మళ్ళీ తెచ్చేశాను.

22 అక్టోబర్

కిరాయికి ధర్మపురి.

24 అక్టోబర్

సమ్మె ఆగిపోయింది. రేపటి నుంచి ఆఫీసులు కూడా తెరుస్తారట. తెలంగాణ రాలేదు, రాధిక రాలేదు. ఈ మాట పైకి అంటే కొడతారు.

అన్నం పెడుతూ అమ్మ అడిగింది. "మొన్న సిరిసిల్ల వోయి ఉత్తగనే అస్తివి. పిల్ల ఏమన్నది?"

"మాట్లాడలేదే అవ్వా. కరెంట్ పోయింది."

"కరెంట్ పోతె నోరు గూడ పోతదా? వాడకట్టంత పోయిందా, గా ఇంటిదేనా?"

"అంత పోయింది" అన్నాను. అమ్మ పప్పు వేసి లేచిపోయింది. మేకు కొట్టిన కిటికీ వైపు ఒకసారి చూసింది.

వాడకట్టంతా పోలేదు. పక్కిళ్ళ సాంచలు నడుస్తూనే ఉన్నాయి, ఆ మోతకు అరుగు అదురుతోంది. బండికి చప్పుడు లేకపోవడంతో నేను వచ్చినట్టు లోపల ఎవరికీ తెలియలేదు. తలుపు ఓరగా ఉంది. గదిలో దూది ముసురులా లేస్తోంది. అత్త కనిపించలేదు. రాధిక గోడ పక్కన కూర్చుని, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని నూలు కండెలు చుడుతోంది. నేను అనుకున్నట్టే దగ్గింది. ఆ మోతలో దగ్గు వినిపించలేదు, భుజాలు ఊగడం చూశాను. ఇక పిలుద్దామని గొంతు సవరించుకున్నాను.

మామ అటు తిరిగి ఉన్నాడు. ఆమె దగ్గుతోందని ఎట్లా తెలిసిందో నాకు తెలియదు. దగ్గరున్న సాంచను ఆపాడు. తర్వాత రెండోది. ఒక కాలు ఈడ్చుకుంటూ పోయి మిగతావీ ఆపాడు. వెనక తలుపు బార్లా తెరిచి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె పక్కన కింద కూర్చున్నాడు.

"నడుపు నాయినా. ఇన్ని దినాలకు కరెంట్ అచ్చె. సేటు ఊకుంటడా?" అంది రాధిక.

"నీకు నెమ్మది గానియ్ బిడ్డా. బట్ట యాడికి వోతది."

దూది మెల్లగా కిందికి దిగుతోంది. నేను చీర పట్టుకుని కాసేపు నిలబడ్డాను. తర్వాత వెనక్కి తిరిగి బండి దగ్గరికి వచ్చాను. స్టార్ట్ చేసినా ఎవరూ తల ఎత్తలేదు.

21వ తేదీ నాడు ఒక సంగతి రాయలేదు. మామ సాంచలు ఆపాక కూడా వాటి మీద బల్బు వెలుగుతూనే ఉంది.